దవాఖాన లారీ నల్లా

తూప్రాన్ ముసాఫిరుఖానా,
6-2-1939

మామయ్యకు వసుమతి నమస్కారాలు.

డాక్టరమ్మ, అమ్మ, నేను, డ్రైవర్ భూమయ్య, నలుగురమూ క్షేమం. నీ నల్లా ఒక్కటే క్షేమంగా లేదు.

నాంపల్లిలో నీ కార్ఖానా ముందు కొబ్బరికాయ కొట్టి మమ్మల్ని సాగనంపి సరిగ్గా నాలుగు రోజులైంది. ఆ రోజు ఈ దవాఖాన లారీ నడిపే సొసైటీ పెద్దల ముందు నువ్వు అన్న మాటలు నాకు ఇంకా చెవిలో ఉన్నాయి. "ఇది లారీ కాదు, ఇల్లు. నేల కింద పెద్ద టాంకీ, నెత్తిమీద చిన్న రాగి టాంకీ, నడుమ చేతిపంపు. పంపు కొడితే కింది నీళ్లు మీదికెక్కుతయి, నల్లా తిప్పితే మీది నీళ్లు కిందికి దిగుతయి. ఆబిడ్స్ బంగళాలల్ల గూడ గిట్లాంటిది లేదు" అన్నావు. మేడ్చల్‌లో రెండు రోజులూ అట్లాగే ఎక్కాయి, అట్లాగే దిగాయి. ఊరి ఆడవాళ్లు వచ్చి చక్రాల మీద నల్లా అని వింతగా చూసి పోయారు. నేనూ మా మామ చేసిందే అని గొప్పలు చెప్పాను. దిష్టి తగిలిందేమో.

నిన్న తూప్రాన్ చేరి ఈ ముసాఫిరుఖానాలో బస దిగాం. పొద్దున పంపు కొడితే పిడి తేలిగ్గా పైకీ కిందికీ ఊగుతోంది, బరువు లేదు. నల్లా తిప్పితే రెండుసార్లు దగ్గి చెంచాడు నీళ్లు ఉమ్మి ఊరుకుంది. కింది టాంకీ మాత్రం నిండుగా ఉంది, నేను కట్టె పెట్టి చూశాను. భూమయ్య పిడి పట్టి చెమటలు కారేదాకా కొట్టాడు. నూరు దెబ్బలకు ఒక చెంబు వచ్చింది.

డాక్టరమ్మ సంగతి నీకు తెలుసు. కాన్పు చేసేటప్పుడు చేతులు పారే నీళ్ల కింద కడగాలి, పళ్లెంలో ముంచకూడదు అంటుంది. లారీకి నల్లా పెట్టించిందే అందుకు. ఈ మొదటి తిరుగుడు ఎట్లా సాగుతుందో చూశాకే లారీని ఉంచడమో అమ్మేయడమో తేలుస్తామని సొసైటీ వాళ్లు అన్నారు. లారీ ఉంటేనే నా నర్సు నౌకరీ ఉంటుంది. నాయన పోయాక అమ్మకూ నాకూ ఈ నౌకరీ తప్ప ఏముంది?

అన్నట్టు, బయలుదేరే ముందు ఒకనాడు అమ్మ నిన్ను పక్కకు పిలిచి ఏదో మాట తీసుకుంది. ఏమిటని అడిగితే నాకు చెప్పలేదు. నాకోసం మిఠాయి పంపమని అయితే ఇంకా అందలేదు.

వెంటనే జవాబు రాయి. రామాయంపేట టప్పాఖానా పేరున రాస్తే అందుతుంది. అహల్య అత్తను అడిగానని చెప్పు.

నీ కోడలు,
వసుమతి

*

నాంపల్లి,
9-2-1939

చిరంజీవి వసుమతికి సదాశివ మామ దీవెనలు.

నీ ఉత్తరం చదివి గాబరా పడ్డాను. తర్వాత తీరిగ్గా ఆలోచిస్తే, ముప్పై ఏళ్లుగా గన్‌ఫౌండ్రీ బ్యాంకు నుంచి స్టేషన్ రోడ్డు హోటళ్ల దాకా నల్లాలు బిగించిన చేతులివి, ఇంత చిన్న దానికి గాబరా ఎందుకనిపించింది. నువ్వూ పడకు.

మొదట కింది టాంకీ మూతకు పక్కన చిటికెన వేలంత కంత ఉంటుంది, చూడు. గాలి లోపలికి పోనిదే నీళ్లు బయటికి రావు. ఆ కంత దుమ్ముతో మూసుకుందా, ఎవరన్నా గుడ్డ కట్టారా? అక్క మడి నాకు తెలుసు, దుమ్ము పడుతుందని కట్టినా కట్టి ఉంటుంది. కంత బాగుంటే లారీ కిందికి దూరి గొట్టం అతుకులు తడిమి చూడు. నువ్వు దూరకు, భూమయ్యను దూరమను. అతుకు తడిగా ఉంటే అక్కడ గాలి పీలుస్తోందని అర్థం. జనపనార చుట్టి తెల్ల సఫేదా ముద్ద పూసి బిగించమను, రెండూ ఎర్ర డబ్బాలో పెట్టాను. అదీ కాకపోతే, పంపు కొట్టే ముందు దాని నోట్లో ఒక చెంబు నీళ్లు పోయి. ఎండిన పంపు గొంతు తడిపితేనే గుంజుతుంది.

పంపు మూత మాత్రం విప్పొద్దు. దానికి నాలుగు బోల్టులున్నాయి, వాటి జోలికి ఎవరూ పోవద్దు. నేను బిగించాను, నేనే విప్పాలి. భూమయ్య చేతికి స్పానరు ఇస్తే కోతికి కొబ్బరికాయ ఇచ్చినట్టే.

ఇక్కడ ఆబిడ్స్‌లో సామాను దుకాణం సాహెబు రోజూ అడుగుతున్నాడు, మీ నల్లా లారీ ఎందాక పోయింది అని. మంచిగ నడుస్తున్నదని చెప్పాను. ఇరానీ హోటల్లో కూడా అదే చెప్పాను. నాలుక తిప్పుకునే పని పెట్టకు తల్లీ.

అక్క ఏం తింటోంది, ఎట్లా ఉంది? నీళ్లు సరిగ్గా తాగుతోందా? రాయి.

మామ సదాశివ

*

రామాయంపేట,
13-2-1939

మామయ్యకు నమస్కారం.

నువ్వు చెప్పినవన్నీ చేశాం. నువ్వు చెప్పనివి కూడా చేశాం.

కంతకు అమ్మ పాత చీర పేలిక కట్టింది నిజమే. విప్పి పారేసి, కొంచెం గట్టిగానే కసురుకున్నాను. అయినా పంపు మారలేదు. భూమయ్య లారీ కింద పడుకుని అతుకులన్నీ తడిమాడు. ఒకటి తడిగా ఉంటే నార చుట్టి సఫేదా పూశాడు, ఆ సఫేదా అతని మీసాలకు కూడా అంటింది. పంపు మారలేదు. నోట్లో చెంబు నీళ్లు పోస్తే మాత్రం పది నిమిషాలు బుద్ధిగా నడుస్తుంది, మళ్లీ మొండికేస్తుంది.

కొట్టే పనే లేకుండా మీది టాంకీని నేరుగా నింపుదామని ముసాఫిరుఖానా తోటలో ఉన్న నల్లాకు నీ రబ్బరు గొట్టం తగిలించబోయాం. దాని ఇత్తడి నట్టు పట్నం నల్లాలకే పడుతుందట, ఇక్కడి నల్లా మూతి లావు. భూమయ్య తన తలగుడ్డ చుట్టి కట్టాడు. నల్లా విప్పగానే గొట్టం ఊడి, అటుగా పోతున్న తాలూకా కచేరీ పేష్కారును తల నుంచి చెప్పుల దాకా తడిపింది. ఆయన షేర్వానీ ఆరేదాకా నేను లోపల దాక్కున్నాను. ఇది చదివి నవ్వుకుంటావేమో. నాకు నవ్వు రాలేదు.

నిన్న మధ్యాహ్నం వీరమ్మ అనే ఆమెను బండిలో వేసుకుని తెచ్చారు. రెండు రోజులుగా నొప్పులట. డాక్టరమ్మ సబ్బు రాసుకుని నల్లా కింద చేతులు పెట్టింది. మొదటి చేయి కడగగానే నీళ్లు ఆగాయి. మోచేతుల దాకా నురగతో ఆమె నిలబడి ఉంది, బల్ల మీద వీరమ్మ అరుస్తోంది, బయట భూమయ్య పంపుతో కుస్తీ పడుతున్నాడు. నాకేం తోచలేదు. అమ్మ మడికి పెట్టుకున్న కాచిన నీళ్ల బిందె కనిపించింది. అడగకుండా ఎత్తుకుపోయి పోశాను. ఆడపిల్ల పుట్టింది, బతికింది. వీరమ్మకు మాత్రం ఇవాళ ఒళ్లు కాలుతోంది. చేతులు సరిగ్గా కడిగి ఉంటే రాకపోయేదేమో అని డాక్టరమ్మ పైకి అనలేదు గానీ ఆమె ముఖంలో కనిపించింది. నేను వీరమ్మ దగ్గర్నుంచి కదలడం లేదు.

సాయంత్రం డాక్టరమ్మ నన్ను కూచోబెట్టి చెప్పింది. మార్చి రెండో తారీఖున సొసైటీ సెక్రటరీ కామారెడ్డికి రైల్లో వస్తున్నాడు. ఆ రోజుకు నల్లా నడవకపోతే లారీ అట్నుంచి అటే పట్నం తిరుగుతుందట. సొసైటీకి లేనిది ఉన్నట్టు రాసే మనిషి కాదు ఆమె.

ఇంకో సంగతి. అమ్మ లారీ నీళ్లు ముట్టడం మానేసింది. బావికి పోయి తనే తెచ్చుకుంటోంది, బయట మూడు రాళ్లు పెట్టుకుని వండుకుంటోంది. నాతో మాటలు కూడా అంతంత మాత్రమే.

దారి చెప్పు మామయ్యా.

వసుమతి

*

నాంపల్లి,
16-2-1939

చిరంజీవి వసుమతికి,

నీ ఉత్తరం టప్పా జవాను చేతిలోంచి తీసుకుని వీధిలోనే చదివాను. అక్క లారీ నీళ్లు ముట్టడం లేదన్న మాట దగ్గర ఆగి, దాన్నే మళ్లీ మళ్లీ చదివాను.

ఈ ఉత్తరం అందగానే అక్కకు చదివి వినిపించు. అక్కా, ఆ పంపులో తోలు లేదు. వెంట్రుకంత తోలు కూడా లేదు. మన ఇంటి దేవుడి మీద ఒట్టు, నా పనిముట్ల మీద ఒట్టు. నీకిచ్చిన మాట తప్పలేదు. ఎవరేం చెప్పినా నమ్మొద్దు. కంచరి ఇంట పుట్టినోణ్ణి, రాగి బిందెకు మైల అంటనీయని వంశం మనది. నువ్వు నిశ్చింతగా తాగొచ్చు.

వసుమతీ, భూమయ్య గుంతల్లో లారీని ఎగరేసి నడిపి ఉంటాడు, అందుకే ఏదో వదులైంది. వాణ్ణి మెల్లగా నడపమను. చెంబు నీళ్లు పోసి కొట్టడమే కొట్టండి, గంటకోసారి పోయండి. పంపు మూత విప్పొద్దు, మళ్లీ చెప్తున్నాను.

వీరమ్మ జ్వరం ఎట్లా ఉందో రాయి. నిన్నటి నుంచి చేతికి పని ఆనడం లేదు. గన్‌ఫౌండ్రీలో ఒక గొట్టాన్ని తలకిందులుగా బిగించి వచ్చాను.

సదాశివ

*

రామాయంపేట,
20-2-1939

మామయ్యా,

తోలు మాట ఎవరెత్తారు?

నా ఉత్తరం నకలు నా దగ్గర లేదు గానీ నేను రాసింది నాకు గుర్తుంది. అందులో తోలు అన్న మాట లేదు. అమ్మ లారీ నీళ్లు ముట్టనిది నేను కసురుకున్నందుకు, ఆమె మడి బిందె అడగకుండా లాక్కుపోయినందుకు. నువ్వేమో వెంట్రుకంత తోలు లేదని రెండు ఒట్లు పెట్టావు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నాడట. ఇక్కడ దొంగ అని కూడా ఎవరూ అనలేదు.

నీ ఉత్తరం అమ్మకు వినిపించలేదు. మడిచి మందుల అలమారాలో పెట్టి, భూమయ్య చేతికి స్పానరు ఇచ్చాను. నాలుగు బోల్టులూ విప్పించాను. అవును, కోతికి కొబ్బరికాయ ఇచ్చాను. ఆ కోతి నీకంటే జాగ్రత్తగా విప్పింది, బోల్టులు వరసగా పళ్లెంలో పెట్టింది.

పంపు లోపల పైకీ కిందికీ ఆడే బిరడా చుట్టూ ఉండాల్సింది తోలు గిన్నె అని భూమయ్య చెప్పాడు. చేతిపంపులన్నింటికీ అంతేనట, అది తడిసి ఉబ్బి గొట్టానికి కరుచుకుంటేనే నీళ్లు లేస్తాయట. అక్కడ తోలు లేదు. కాన్వాసు గుడ్డ ఉంది. నాలుగు మడతలు వేసి, మైనం పట్టించి, గిన్నె ఆకారంలో కుట్టిన గుడ్డ. ఒక పక్క అరిగి పీలికలైంది. ఆ కుట్టు చూడగానే గుర్తుపట్టాను, నా చిన్నప్పుడు బడి సంచి కుట్టింది నువ్వే కదా.

పది రోజులు నాతో గాలి కంతలు వెతికించావు, అతుకులు తడిమించావు. అమ్మను తిట్టించావు. వీరమ్మకు అయిదు రోజులు జ్వరం కాసింది మామయ్యా. మొన్న తగ్గింది, పిల్లకు పాలిస్తోంది. అది తగ్గకపోతే ఈ ఉత్తరం నీకు రాసి ఉండేదాన్ని కాదు. నీకేం తెలియకపోతే తెలియదని ఊరుకునేదాన్ని. తెలిసీ విప్పొద్దు విప్పొద్దని రాశావు, అదే నాకు మింగుడు పడటం లేదు.

ఎందుకు చేశావు? దాచకుండా రాయి. ఎల్లుండి కామారెడ్డికి పోతున్నాం, అక్కడి పేరున రాయి.

వసుమతి

*

నాంపల్లి,
23-2-1939

వసుమతీ,

నువ్వు తిట్టింది తక్కువే. అహల్య అయితే నీ ఉత్తరం చదివి రెండు పూటలు నాకు ముఖం చూపించలేదు.

దాచకుండా రాస్తాను. ముప్పై ఏళ్లలోపు నర్సుకు ఇంటి నుంచి పెద్దామె తోడు రావాలని సొసైటీ షరతు కదా. నువ్వు అక్కను అడిగావు, అక్క నాలుగు రోజులు ఔననలేదు, కాదనలేదు. ఆఖరుకు కార్ఖానాకు వచ్చి నన్ను పక్కకు పిలిచి, "సదాశివా, ఆ నీళ్లకు తోలు తగలొద్దు. తగలదని నాకు మాటియ్యి, గప్పుడే నేను లారీ ఎక్కుత" అన్నది. నేను ఇచ్చాను.

నల్లాలకు రబ్బరు వాషర్లు వేశాను, అది తేలికే. పంపు గిన్నెకే చిక్కొచ్చింది. ఆ కొలతకు రబ్బరు గిన్నె ఆబిడ్స్‌లో దొరకలేదు, కోఠీలో దొరకలేదు. బొంబాయికి రాస్తే రెండు నెలలన్నారు. లారీ వారంలో బయలుదేరాలి. మూడు దినాలు కూచుని కుట్టాను. మైనం పట్టించి, ఆముదంలో నానబెట్టి బిగిస్తే కార్ఖానాలో చక్కగా గుంజింది. ఒక్క తిరుగుడుకు ఆగితే చాలు, ఆలోపల రబ్బరు వస్తుందనుకున్నాను. నీ మొదటి ఉత్తరం రాగానే సంగతి అర్థమైంది. చెప్తే అక్క లారీ దిగుతుంది, అక్క దిగితే నీ నౌకరీ పోతుంది. అందుకని ఇంకేదైనా తప్పు దొరకాలని దేవుణ్ణి మొక్కుతూ నీతో అవన్నీ వెతికించాను. ముప్పై ఏళ్ల మేస్త్రీని, తెలిసి తెలిసి తప్పుడు జాగాలు చూపించాను. వీరమ్మ సంగతి చదివినప్పటి నుంచి కంటిమీద కునుకు లేదు.

నేనే వచ్చి అక్క కాళ్లమీద పడదామనుకున్నాను. నిన్న సీసం కరగబోస్తూ నీ మాటే తలుచుకుంటున్నాను, చేయి తప్పి పాదం మీద పడింది. దవాఖానలో కట్టు కట్టారు, నేలమీద కాలు పెట్టొద్దన్నారు. చేసినదానికి దేవుడు అక్కడికక్కడే చూపించాడు.

ఇప్పుడు చేయాల్సింది రాస్తాను. కామారెడ్డిలో బావుల్లోంచి నీళ్లు తోడే మోట తోళ్లు కుట్టేవాళ్లు తప్పకుండా ఉంటారు. మంచి పనివాణ్ణి పట్టుకుని ఆ గుడ్డ గిన్నె కొలతకే తోలు గిన్నె చేయించు. ఒక పొద్దంతా నీళ్లలో నానాలి, తర్వాత ఆముదం పట్టించాలి. రెండో తారీఖుకు నీ నల్లా నడుస్తుంది, అందులో అనుమానం లేదు.

అక్కకు చెప్తావో లేదో నీకే వదిలేస్తున్నానని రాయడానికి సిగ్గుగా ఉంది. అయినా అదే రాస్తున్నాను. చెప్పకపోతే ఆ పాపం నా ఖాతాలో వేసుకో, నీది కాదు.

సదాశివ

*

కామారెడ్డి,
3-3-1939

మామయ్యకు వసుమతి నమస్కారాలు.

కాలు ఎట్లా ఉంది? కట్టు మార్చేటప్పుడు గోరువెచ్చని నీళ్లతో తడిపి మెల్లగా తీయించుకో, గుంజొద్దు. ఆకు పసర్లు పూసే వాళ్లను దగ్గరికి రానివ్వకు. నీ మీద కోపం ఇంకా కొంచెం ఉంది, కాలు బాగయ్యాక మిగతాది చూపిస్తాను.

జరిగింది వరసగా రాస్తాను.

ఇక్కడ మోటలు కుట్టే పెంటయ్య అని ఒక పెద్దాయన ఉన్నాడు. భూమయ్యా నేనూ అమ్మకు చెప్పకుండా ఆయన ఇంటికి పోయాం. నీ గుడ్డ గిన్నె చేతిలో పెట్టాను. తిప్పి తిప్పి చూసి, "కుట్టు మంచిగుంది బిడ్డా. గనీ బట్ట నీళ్లను తాగుతది, తోలు నీళ్లను ఆపుతది" అన్నాడు. కుట్టింది మేస్త్రీ అని చెప్తే, మా తాన నేర్చుకునేది ఉంటే రమ్మను అని నవ్వాడు. కొయ్య ముక్క ఒకటి గుండ్రంగా చెక్కి, నానిన తోలు దాని మీద లాగి కట్టి, మర్నాటికి గిన్నె చేసి ఇచ్చాడు. భూమయ్య బిగించాడు. పిడికి మళ్లీ బరువు వచ్చింది. అయిదో దెబ్బకు మీది టాంకీలో నీళ్లు పడ్డ చప్పుడు వినిపించింది, నాకు ఏడుపొచ్చింది. అమ్మ రాళ్ల పొయ్యి దగ్గర కూచుని మాకేసి చూసింది, ఏమీ అడగలేదు. నేనూ చెప్పలేదు. నిన్ను అన్ని మాటలన్నదాన్ని, నీలాగే నోరు కట్టేసుకున్నాను.

నిన్న సెక్రటరీగారు వచ్చారు. అరవై ఏళ్ల మనిషి, నిండా విభూతి. లారీ అంతా తిరిగి చూశారు. డాక్టరమ్మ నల్లా తిప్పి చేతులు కడిగి చూపించింది, నీళ్లు ఆగకుండా వచ్చాయి. సంతోషించారనే అనుకున్నాను. అప్పుడు ఆయన ఇంకో మాట అడిగారు. రోగులు సరే, పెద్దిళ్ల ఆడవాళ్లు, మడి కట్టుకునేవాళ్లు ఈ యంత్రం నీళ్లు ముడతారా, ముట్టకపోతే ఈ లారీ సగం ఊళ్లకు పనికి రాదు కదా అన్నారు. డాక్టరమ్మ నావైపు చూసింది. తోలు సంగతి ఆమెకు తెలుసు. ముడతారంటే అబద్ధం, ముట్టరంటే నౌకరీ పోతుంది.

అమ్మ పొయ్యి దగ్గర్నుంచి లేచింది. తన రాగి చెంబు తీసుకుని మెట్లెక్కి వచ్చింది. నల్లా తిప్పి చెంబు నింపింది. ఆయన చూస్తుండగానే ఎత్తి గటగటా తాగింది. కొంగుతో మూతి తుడుచుకుని, "ముడతరు. నేను ముట్టిన గద" అని దిగి పోయింది. సెక్రటరీగారు లారీ ఉంటుందని, వచ్చే నెల నిజామాబాదు వైపు పొమ్మని డాక్టరమ్మతో చెప్పి సాయంత్రం బండికి వెళ్లిపోయారు.

నౌకరీ నిలిచింది. నాకు మాత్రం ఒక్క క్షణం నెమ్మది లేదు. అమ్మ తెలియక తాగింది, నేను చూస్తూ తాగనిచ్చాను. రాత్రి ఆమె పళ్లెం ముందు కూచోగానే ఆగలేక మొత్తం చెప్పేశాను. నీ కాన్వాసు, నీ ఒట్లు, నీ కాలు, పెంటయ్య తోలు. చెప్పి తల దించుకుని కూచున్నాను.

అమ్మ తాపీగా ముద్ద కలుపుకుని తిన్నది. తర్వాత అన్నది:

"నాకు తెల్వదా? భూమయ్య ఆముదం పెట్టిన తోలు తెచ్చిండు, గా వాసన నాకు రాదా? మా అత్తగారి పొలం కాడ మోట నీళ్లు దోసిట్ల పట్టుకొని తాగినదాన్ని నేను, మా అత్త చూడకుండ. మోట తోలుది గాకపోతే దేనిదే?"

మరి మామయ్య దగ్గర ఆ మాట ఎందుకు తీసుకున్నావు అని అడిగాను. ఎంగిలి చేయి పళ్లెంలోనే ఉంచి, నావైపు చూడకుండా చెప్పింది.

"నిన్ను ఊర్లెంబడి పంపబుద్ధి కాలె. వద్దంటే నువ్వు ఇనవు. తోలు లేకుంట పంపు కాదని వాడు అంటడు, గదే సాకుతోని ఆపుదామనుకున్న. వాడు కాదనలే. చేసిండు. ఇగ ఏం జెయ్యాలె, ఎక్కిన."

నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. వీరమ్మ కాన్పు చూశాక అమ్మ మనసు మారిందట. నన్ను తిట్టకుండా తనే ఆ మాట చెప్పింది, బిందె లాక్కున్నందుకు కోపం రెండు రోజులే ఉన్నదట, తర్వాత ఊరికే పట్టుదలకు బయట వండుకున్నదట. ఈ పొద్దు మళ్లీ లోపల పొయ్యి వెలిగించింది.

నీ గుడ్డ గిన్నె పారేయబోతే ఒప్పుకోలేదు. గట్టి కుట్టు అని దాచుకున్నది. వేడి గిన్నెలు దించడానికి వాడుతోంది.

అత్తకు నా నమస్కారాలు. ఆబిడ్స్ సాహెబుకు నల్లా నడుస్తున్నదని చెప్పు, ఇప్పుడు నిజమే కదా.

నీ కోడలు,
వసుమతి

*

నాంపల్లి,
6-3-1939

చిరంజీవి వసుమతికి దీవెనలు.

కాలు నయమవుతోంది. తోలు గిన్నెకు పదిహేను రోజులకోసారి ఆముదం పట్టించండి. లారీ రెండు రోజులు నిలిచి ఉంటే పంపు మూత తీసి తడపండి, లేకపోతే తోలు ఎండి ముడుచుకుంటుంది. మూత భూమయ్యనే విప్పమను. పెంటయ్య చేత ఇంకో రెండు గిన్నెలు చేయించి దగ్గర పెట్టుకో. బొంబాయి రబ్బరు వద్దని రాసేశాను.

కింద ఉన్నది అక్కకు. చదివి వినిపించు.

అక్కా, నీ సంగతి వసుమతి రాసింది. చదివి మొదట కోపం వచ్చింది. మూడు దినాలు సూది పట్టిన వేళ్లు చూసుకున్నాను, కాలిన కాలు చూసుకున్నాను. అహల్యతో కూడా చెప్పకుండా కార్ఖానాలో ఒక్కణ్ణే కూచున్నాను. తోలు లేకుండా పంపు కాదని నాకు ఆ రోజే తెలుసు. నువ్వు అడుగుతుండగానే తెలుసు.

అమ్మ పోయిననాడు నాకు ఆరేళ్లు. అప్పటినుంచి నా నోట్లో ముద్ద పెట్టింది నువ్వు. నేను కాదంటానని ఎట్లా అనుకున్నావక్కా? ఇన్నేండ్లల్ల నీకు ఒక్కనాడన్న కాదని చెప్పిన్నా?

నీ తమ్ముడు,
సదాశివ